చప్పుడు లేని జనరేటరు

రాసాత్తి అంగట్లో జనరేటరు మొదలైన కాసేపటికే మా చేపలు తమ గుడ్లు తామే తినేశాయి.

తొంభై తొమ్మిదో సంవత్సరం, అరవ లెక్కన ఆడి మాసం. తిరువొత్తియూరులో మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. పక్కింటి రాసాత్తికి వీధివైపు చిన్న కూల్‌డ్రింకుల అంగడి ఉండేది. అంగడి వెనక కిరసనాయిలుతో నడిచే జనరేటరు. మంచి మనిషి రాసాత్తి. మేము అడగకముందే గోడ మీదుగా మా పెరట్లోకి ఒక వైరు విసిరింది. చేపల తొట్లలోకి గాలి కొట్టే పంపును మా కోడలు కస్తూరి ఆ వైరుకు తగిలించింది. నీళ్ళలో బుడగలు లేచాయి. అయితే ఆ మిషన్ దడదడకు గోడ అదిరింది. గోడకు ఆనించి ఉన్న గాజుతొట్టి కూడా అదిరింది.

ఆ తొట్టిలో రెండు డిస్కస్ చేపలు ఉన్నాయి. పళ్ళెంలా గుండ్రంగా, పలచగా ఉంటాయి. బోర్లించిన మట్టికుండకు గుడ్లు అంటించి, రెండూ రెక్కలతో విసురుతూ కాపలా కాస్తున్నాయి. అదురు తగలగానే ఆడచేప ఒకసారి మూలకు పోయింది. తిరిగి వచ్చి ఒక్కొక్క గుడ్డే నోటితో ఏరుకోవడం మొదలుపెట్టింది. మగచేప కూడా దానితో కలిసింది.

కస్తూరి గాజుకు నుదురు ఆనించి చివరి గుడ్డు పోయేదాకా చూసింది.

"బెదిరితే అంతే మామా అవి," అంది. "పరాయోళ్ళ నోట పడేదానికంటే మన కడుపులోనే ఉండనీ అనుకుంటాయి."

నేను హార్బర్లో ఓడల సరుకులెత్తే వించి నడిపి రిటైరైనవాణ్ణి. వించి దగ్గర మనిషి ఎంత అరిచినా వినపడదు. అందుకని అందరం చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. ఇంటికొచ్చినా నాకు ఆ అలవాటు పోలేదు. ఆ ఖాళీ కుండను బయటికి తీసి కడిగాను.

ఆ రోజు సాయంత్రమే మునెమ్మ తమ్ముడు చిన్నస్వామి వచ్చాడు. మునెమ్మ నా భార్య. చిన్నస్వామికి రాయపురంలో ఎండుచేపల వ్యాపారం. మూటలు పెట్టుకోవడానికి అతనికి చోటు చాలడంలేదు. మా పెరటి మీద చూపు పడి అప్పటికి చాలా రోజులైంది.

"ఏం బావా, మౌనవ్రతం ఇంగా ముగియలా?" అంటూ కూర్చున్నాడు. "అక్కా, పెరడు నాకిచ్చేస్తే మీకు నెలకింత అని వస్తాది. ఈ తొట్లతో ఏమొస్తాది, దోమలు గాక?"

మునెమ్మకు తమ్ముడి మాటంటే గురి. "ఆ పిల్ల మనసు పడి చేస్తా ఉండాది గదరా," అని నసిగింది గాని వద్దని అనలేదు.

నా కొడుకు వెంకట్రామ్ అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. కస్తూరి తొట్టి దగ్గర నుంచి అందరికీ వినపడేట్టు చెప్పింది.

"వానల్లో ఇంగొకసారి గుడ్లు పెడతాయి. ఆ పిల్లలు నిలబడకపోతే నేనే తొట్లు తీసేస్తా. మళ్ళీ కంపెనీకే పోతా."

కంపెనీ అంటే గుడ్డలు కుట్టి ఎగుమతి చేసేది. ఆ దూదిపొట్టు పీల్చి పీల్చి ఆమెకు దగ్గు పట్టుకుంది. మాట మధ్యలో ఊపిరి తిరిగేది కాదు. పని మాని, కొళత్తూరులో తెలిసినవాళ్ళింట్లో చేపలు పెంచడం నేర్చుకుని వచ్చాకనే మనిషి తేరుకుంది. గోల్డ్‌ఫిష్ ఎవరైనా పెంచుతారు. డిస్కస్ పిల్లలు నిలబడితేనే ఆమె పనికి ఒక పేరు. మళ్ళీ కంపెనీకి పోతానని అంటుంటే వెంకట్రామ్ చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

"అట్టయితే దీపావళి దాకా చూస్తా," అన్నాడు చిన్నస్వామి.

మర్నాడు నేను కాళిముత్తు దగ్గరికి పోయాను. హార్బర్లో నాతో పాటు పనిచేసినవాడు. ఓడల మీద వచ్చే సామాన్లు బీచ్ స్టేషను దగ్గర చిన్న కొట్లో అమ్ముతుండేవాడు. అరవవాడే గాని మాతో ఉండి ఉండి మా తెలుగు వచ్చింది. అదిరిపోని జనరేటరు కావాలన్నాను. అంతకు మించి చెప్పలేదు. అతను లోపలికి పోయి ఎర్రటి పెట్టె ఒకటి తెచ్చాడు. పైన పట్టుకునే పిడి ఉంది. ఒక్క చేత్తో మోయొచ్చు.

"ఇది సింగపూర్ సరుకు నాయుడూ. మన కరెంటుకు సరిపోతాది. ఇన్వర్టర్ జనరేటర్ అంటారు." తాడు లాగి మొదలుపెట్టి, తను తాగుతున్న టీ గ్లాసును దాని నెత్తిన పెట్టాడు. "బాగా చూడు. ఒలికిందా?"

టీ కొంచెం వణికింది. ఒలకలేదు. చప్పుడు కూడా దూరంగా ఎక్కడో కుట్టుమిషన్ తొక్కినట్టు ఉంది.

"లోపల ఎలక్ట్రానిక్ పలక ఒకటుండాది. కరెంటును ఎత్తుపల్లాలు లేకుండా చేసి పంపిస్తాది. పని తక్కువుంటే మిషన్ తానే మెల్లగా తిరుగుతాది," అన్నాడు. తర్వాత వేలు చూపించి చెప్పాడు. "ఇంట్లో పెట్టి తలుపేసుకోవద్దు, పొగకు ప్రాణం పోతాది. దీని వైరు తెచ్చి గోడ ప్లగ్గులో గుచ్చొద్దు, కరెంటు వెనక్కి పోయి స్తంభం ఎక్కినోడు చచ్చిపోతాడు. మట్టసంగా పెట్టు. పెట్రోలు ఆపినాకే పొయ్యి. పెద్ద బరువు పెట్టొద్దు, ఎర్రలైటేసి అలుగుతాది."

నా మీద లాభం చూసుకోలేదు కాళిముత్తు. పైగా ఈ జాగ్రత్తలన్నీ ఓపిగ్గా రెండోసారి కూడా చెప్పి పంపాడు. అతను ఇప్పుడు లేడు. ఆ పెట్టెను తలుచుకుంటే మొదట గుర్తొచ్చేది టీ గ్లాసు మీద నిలిచిన అతని చూపే.

ఇంటికి తెచ్చి పెరట్లో బట్టలుతికే బండ మీద పెట్టాను. తాడు లాగాను. మొదలైంది. రాసాత్తి కూడా గోడ మీది నుంచి తొంగిచూసింది. అందరూ చూస్తుండగా ఎర్రలైటు వెలిగి మిషన్ ఆగిపోయింది.

వెంకట్రామ్ నవ్వాపుకోలేదు. "నాయనా, కాళిముత్తు అన్న నీకు రంగేసిన రేకుపెట్టె అంటగట్టినాడు."

"నేను అప్పుడే అనుకున్నా," అంది మునెమ్మ.

ఉతికే బండ నీళ్ళు పోవడానికి వాలుగా ఉంటుంది. ఆ వాలుకు లోపలి ఆయిలు ఒక పక్కకు పోయి, ఆయిలు లేదనుకుని మిషన్ తనను తానే ఆపుకుంటోంది. నేను అరఇటుక ఒకటి కింద దోపి మళ్ళీ తాడు లాగాను. ఈసారి ఆగలేదు.

"బిందె కుదురుగా కూచోబెట్టేది ఆడోళ్ళనడిగితే చెప్పమా?" అంది మునెమ్మ. అందరం నవ్వాం. కస్తూరి తొట్టి గాజు మీద అరచెయ్యి పెట్టి చూసింది. అదురు లేదు. నా వైపు తిరిగి తల ఊపింది. మా ఇద్దరికీ ఆ పాటి మాటే చాలు.

ఆయుధపూజ వచ్చింది. ప్రతి ఏడూ ఆ రోజు మా ఇంట్లో కత్తిపీట, సుత్తి, వెంకట్రామ్ సైకిలు అన్నిటికీ బొట్లు పెట్టేది మునెమ్మ. ఆ ఏడు గంధం గిన్నె పట్టుకుని పెరట్లోకి వచ్చింది. జనరేటరు చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏమే కస్తూరీ, దీనికి నుదురు యాడుండాది?"

"మీ ఇష్టం అత్తా. మీరు యాడ పెడితే అదే నుదురు."

నెత్తిన పెట్రోలు పోసే చోట గుండ్రటి నల్లమూత ఉంది. మునెమ్మకు అది నచ్చింది. గంధం చిక్కగా తీసి రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టి, మధ్యలో కుంకుమ అద్దింది. నిమ్మకాయ తిప్పింది. గుప్పెడు మరమరాలు కూడా దాని ముందు పోసింది.

"ఎవురూ ఆ బొట్టు తుడవబాకండి. దానంతట అదే పోవాల," అంది.

కొన్న రోజు దాన్ని నమ్మని మనిషి. అందుకేనేమో కస్తూరి ముఖం వెలిగింది. "అత్త దాన్ని ఇంటి మనిషిని చేసేసింది," అని మొగుడి చెవిలో చెప్పడం నాకు వినపడింది.

తర్వాత వానలు పట్టుకున్నాయి. డిస్కస్‌కు మా బోరునీళ్ళు పనికిరావు. ఉప్పు. వాననీళ్ళు మెత్తగా ఉంటాయి, ఆ నీళ్ళలోనే గుడ్లు పొదుగుతాయి. కస్తూరి మిద్దె మీద తెల్ల పంచె కట్టి, దాని కింద డ్రమ్ము పెట్టి నీళ్ళు పట్టింది. తొట్టిలో కొత్తనీళ్ళు కలిపిన కొద్ది రోజులకే ఆడచేప మళ్ళీ కుండకు గుడ్లు అంటించింది. ఈసారి తినలేదు. గుడ్లు పగిలాయి. కళ్ళూ తోకా తప్ప ఇంకేమీ లేని పిల్లలు లేచి ఈదుకుంటూ వచ్చి తల్లి పక్కలకు అతుక్కున్నాయి.

"అదేందే, దాన్ని పట్టుకోని ఏలాడతా ఉండాయి?" అంది మునెమ్మ. అంత దగ్గరగా ఆమె తొట్టి ముందు కూర్చోవడం అదే మొదలు.

"ఒంటి మీద జిగురుంటాది అత్తా. పిల్లలకు అదే తిండి. తల్లి అలిసిపోతే తండ్రి ఇస్తాడు."

"తండ్రా?" మునెమ్మ నా వైపు చూసింది. "చూసి నేర్చుకోయ్యా."

ఆమె లేచేటప్పుడు గాజును కొంగుతో తుడిచింది.

అట్లా ఉండగా ఒక ఉదయం గాలివాన వచ్చి వీధి మొదట్లో స్తంభం పడిపోయింది. కరెంటు ఇప్పట్లో రాదని అందరికీ అర్థమైంది. వీధిలో మోకాలిలోతు నీళ్ళు. మాకు దిగులు లేదు. పెరట్లో రేకుల పంచ కింద, నాలుగు వైపులా గాలి ఆడేట్టు మట్టసంగా పెట్టిన మిషన్ ఉంది. తాడు లాగాను. గాలిపంపూ, నీళ్ళు వెచ్చగా ఉంచే హీటరూ తగిలించాం. బుడగలు లేచాయి.

మేం పలహారం చేసి చేతులు కడుక్కునేలోపు మిషన్ గొంతు మారింది. రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. ఎర్రలైటు లేదు. ఆయిలుంది. మూత తీసి చూశాను. పెట్రోలూ ఉంది. మూత పెట్టి తాడు లాగితే మళ్ళీ మొదలైంది. హమ్మయ్య అనుకుని అందరం లోపలికి పోయాం. కాసేపటికి మళ్ళీ అదే ఎక్కిళ్ళు, మళ్ళీ ఆగింది.

పొద్దంతా ఇదే ఆట. ఆగినప్పుడల్లా నేను మూత తీసి పెట్రోలు చూడడం, మూత బిగించడం, తాడు లాగడం. మొదలవుతుంది. కొంత దూరం నడిచి చతికిలబడుతుంది. వించి మొండికేస్తే ఎక్కడ తట్టాలో నా చేతికి తెలుసు. దీని లోపల ఏముందో చేతికి అందడంలేదు. స్పార్క్ ప్లగ్గు విప్పి తుడిచాను. గాలి జల్లెడ విప్పి దులిపాను. మనిషిని కదా, మధ్యలో ఒకసారి దాన్ని కాలితో తన్నబోయి బొట్టు చూసి ఆగాను.

మధ్యాహ్నానికి ఆగడం ఎక్కువైంది. తొట్టిలో తల్లిచేప పైకి వచ్చి నోరు తెరుస్తోంది. పిల్లలు కొన్ని దాని పక్కలు వదిలి చెదిరాయి. రాసాత్తి నీళ్ళలో నడుచుకుంటూ వచ్చింది.

"మా మిషన్ వేద్దామా కస్తూరీ? కిరసనాయిలు ఉండాది."

"వద్దక్కా. దాని అదురుకు పిల్లల్ని తినేస్తాయి."

"అట్లయితే చెంబివ్వు," అంది రాసాత్తి. "నీళ్ళు ఎత్తి పోస్తా. గాలి కలుస్తాది గదా?"

"మెల్లగా పొయ్యాల. మూలన, చెయ్యి అడ్డం పెట్టి."

రాసాత్తి పోసింది. ఆమె చెయ్యి నొప్పెడితే మునెమ్మ అందుకుంది. అంతకుముందు ఎన్నడూ ఆ నీళ్ళలో వేలు పెట్టని మనిషి. గాజు పక్కన పీట వేసుకుని, చెంబుతో నీళ్ళు తీసి, తన అరచేతి మీదుగా సన్నటి ధారగా వదులుతూ కూర్చుంది. మధ్యలో లేచి కట్టెలపొయ్యి మీద నీళ్ళు కాచింది. రాసాత్తి అంగట్లోని ఖాళీ సోడాబుడ్లు తెచ్చి, వాటిలో వేడినీళ్ళు నింపి, మూతులు బిగించి తొట్టిలో తేల్చారు. నీళ్ళు చల్లబడకుండా అదొక దారి.

వెంకట్రామ్ ఫ్యాక్టరీకి పోకుండా, నీళ్ళలో నడిచి కాళిముత్తు కొట్టుకు పోయి కొత్త ప్లగ్గు తెచ్చాడు. నడుము దాకా తడిసి, ప్లగ్గున్న పొట్లాన్ని టోపీ కింద దాచుకుని వచ్చాడు. దాన్ని బిగించాం. మొదలైంది. అందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఆగింది.

"పెట్రోలే కల్తీ అయుంటాది నాయనా," అన్నాడు వెంకట్రామ్. "కస్తూరీ, పోతే పోనీలే. నువ్వు కంపెనీకేం పోవాల్సిన పన్లేదు. ఇంకోటేదన్నా చూస్తాం."

కస్తూరి వచ్చి మిషన్ పక్కన గొంతుక్కూచుంది. తొట్టి ముందు కూర్చునేటప్పుడు కూడా ఆమె అట్లాగే, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుంటుంది.

నేను మూత మీద చెయ్యి వేశాను.

"మామా, ఆగండి. మెల్లగా తియ్యండి."

మెల్లగా తిప్పాను. మూత వదులవుతుండగా ఉస్సుమని సన్నగా చప్పుడు వచ్చింది. పొద్దుటినుంచి వస్తున్న చప్పుడే.

"బయటికి వదలడంలా అది," అంది కస్తూరి. "లోపలికి పీలుస్తా ఉండాది. పెట్రోలు తగ్గే కొద్దీ ఆ చోటికి గాలి పోవాల గదా మామా? పోకపోతే పెట్రోలు యాడ దిగుతాది? మీరు మూత తీసినప్పుడల్లా ఒక గుక్క ఇస్తా ఉండారు. ఆ గుక్క అయిపోతే నోరు తెరుస్తాది. మా చేపే."

మూతను నా చేతిలోంచి తీసుకుంది. కింది వైపు పెదాలు ఆనించి ఊదింది. గాలి దూరలేదు. మూతను తిప్పి పై వైపు చూసింది. నేనూ చూశాను. మూత నడిమధ్యన గాలి దారి ఉండాల్సిన చోట గంధం గట్టిపడి, రాయిలా ఉంది. దాని మీద కుంకుమ.

కస్తూరి నన్ను చూసింది. తర్వాత వెనక్కి తిరిగి తొట్టి వైపు చూసింది. మునెమ్మ మాకు వీపు పెట్టి నీళ్ళు పోస్తోంది. జాకెట్టు చేతులు తడిసిపోయాయి. "పీల్చుకోండి నాయనా, పీల్చుకోండి," అంటూ చేపలతో మాట్లాడుతోంది. ధార తెగనివ్వడంలేదు.

కస్తూరి కొంచెం పక్కకు జరిగి తన ఒంటి చాటున మూతను పెట్టుకుంది. చేతి గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసింది. బొట్టును గీకి పారెయ్యలేదు. కుంకుమ నడుమ పిన్నీసు కొస గుచ్చి, ఓపిగ్గా తిప్పుతూ, ముక్కుపుడక పట్టేంత దారి చేసింది. పొడిని ఊదింది. మళ్ళీ కింది వైపు నుంచి ఊదింది. ఈసారి గాలి ఆమె ముంగురులను కదిలించింది. మూత బిగించి నాకు తాడు చూపించింది.

లాగాను. మొదలైంది.

"ఏందే దోషం?" మునెమ్మ తల తిప్పకుండానే అడిగింది.

"పెట్రోల్లో చెత్త అత్తా. ఇంగ ఆగదు."

పిన్నీసును మళ్ళీ గాజులకు తగిలించుకుంది. మిషన్ ఆగుతుందేమోనని ఎవరమూ కదల్లేదు. అది ఆగలేదు. రాసాత్తి ముందు నవ్వింది. ఆ తర్వాత వెంకట్రామ్. మునెమ్మ చెంబు పక్కన పెట్టి, నానిపోయి ముడతలు పడ్డ తన అరచేతిని చూసుకుంది.

నేనేమీ అనలేదు. అనకుండా ఉండడం నాకు చేతనైన పని. ఆ పిల్ల నా ఎదురుగా చేసిన మంచికి నేను చెయ్యగలిగిందీ అదే.

కరెంటు వచ్చేదాకా ఆ ఎర్రపెట్టె మా చేపలను మోసింది. పెట్రోలు పొయ్యాల్సి వచ్చినప్పుడు ఆపేవాళ్ళం, చల్లారాక పోసేవాళ్ళం. ఆ కొద్దిసేపూ మునెమ్మ చెంబు పట్టుకునేది. ఇరుగుపొరుగు వాళ్ళు టీవీ పెట్టమని వచ్చారు. "ఇది చేపల కరెంటు, మనుషులకు లేదు," అని రాసాత్తి వాళ్ళను గడప దగ్గరే ఆపేసింది. చివరికి వీధి దీపాలు వెలిగి అందరూ కేక పెట్టినప్పుడు కస్తూరి తొట్టి ముందే ఉంది. పోయిన పిల్లలు పోయాయి. నిలబడ్డవి మాత్రం తల్లి పక్కన గుంపుగా, మినప్పొట్టంత మినప్పొట్టంతగా మెరుస్తున్నాయి.

దీపావళి ముసురులోనే గడిచింది. మర్నాడు చిన్నస్వామి మిఠాయి పొట్లంతో వచ్చాడు. కొత్త పంచె బురద కాకుండా పైకి పట్టుకుని పెరడంతా ఒకసారి కళ్ళతో కొలిచాడు. కస్తూరి తొట్టిలో చెయ్యి పెట్టి అడుగున పేరుకున్న మట్టిని గొట్టంతో లాగేస్తోంది.

"అక్కా, దీపావళి అయింది. ఏమనుకున్నారు? ఆ మూల నుంచి ఈ మూలకు రేకులు దించేస్తే మూటలు తడవవు." నా వైపు తిరిగాడు. "బావా, మీ సింగపూర్ మిషన్ గాలివానలో దగా చేసిందంట గదా? రాయపురం దాకా వినపడింది. చప్పుడు లేని మిషన్ అంటే ఏమో అనుకున్నా. నడవకపోతే చప్పుడెట్టా వస్తాది?"

నవ్వాడు. వెంకట్రామ్ లేచాడు. నేను వాడి మోచెయ్యి పట్టుకున్నాను.

మునెమ్మ మిఠాయి పొట్లం విప్పి తలా ఒకటి పెడుతోంది. తమ్ముడి చేతిలో పెట్టి అతని ఎదురుగానే నిలబడింది.

"మిషన్‌ను ఏమీ అనబాక చిన్నస్వామీ. దాన్ని ఆపింది నేను."

"నువ్వా?"

"ఆఁ, నేనే. అది ఊపిరి పీల్చే బొక్క మీద బొట్టు పెట్టినా. ఈ పిల్ల దాన్ని కనిపెట్టి పిన్నీసుతో పొడిచింది. నన్నడిగితే పెట్రోల్లో చెత్త అనింది." ఆమె కస్తూరి వైపు చూడకుండా చెప్పింది. "మర్నాడు పిన్నీసు కొసన గంధం ఎండిపోయుండాది, బొట్టు నడుమ బొక్కుండాది. చూస్తే నాకు తెలవదా? నేను రుబ్బిన గంధం. దాని కడుపు కొట్టినా, ఎవురి ముందరా నా తల వంచనీలా అది. నేనైతే వీధికంతా చాటుండేదాన్ని."

చిన్నస్వామి నోట్లో మిఠాయి ఉంది. మింగడానికి కొంత సేపు పట్టింది.

"అదంతా సరే అక్కా. పెరడు..."

"పెరడు దానిది. బతికిన చేపల్ని తీసేసి ఎండిన చేపలు పెట్టుకుంటే ఇంటికి అందమా? ఇంకోటి తిను. నీకు నచ్చిందే తెచ్చినావు గదా."

అతను ఇంకోటి తిన్నాడు. కాసేపు వానల గురించి, మూటలకు పట్టిన బూజు గురించి మాట్లాడి లేచాడు. పోయేటప్పుడు తొట్టి దగ్గర ఒక నిమిషం నిలబడి, "రంగు బాగుండాది," అని వెళ్ళిపోయాడు. అతనూ చెడ్డవాడు కాదు.

వెంకట్రామ్ అతన్ని సాగనంపడానికి వీధిలోకి పోయాడు. పెరట్లో ముగ్గురమే మిగిలాం. తొట్టిలో బుడగల చప్పుడు వినపడుతోంది. కస్తూరి చెయ్యి ఇంకా నీళ్ళలోనే ఉంది. గొట్టం మట్టిని లాగడం మానేసి ఊరికే నీళ్ళు తాగుతోంది. ఆమె చూసుకోలేదు. ముఖం గోడ వైపు పెట్టుకుంది.

గోడ వైపే చూస్తూ పిలిచింది.

"అత్తా."

"ఏందే?"

"పిల్లలు పెద్దవయినాయి. ఇంగ తల్లి దగ్గర పెట్టకూడదు, దాన్ని పీక్కు తినేస్తాయి. లోపలున్న ఖాళీ తొట్టి తేవాల. గాజు, బరువు. ఒక్కదాన్నే మొయ్యలేను."

నేను లేచాను.

"నువ్వు కూచోవయ్యా, నడుము పట్టేస్తాది," అంది మునెమ్మ. కొంగు దోపుకుని లోపలికి పోయింది. కస్తూరి చేతులు తుడుచుకుని వెనకే పోయింది.

తొట్టిని చెరో వైపు పట్టుకుని ఇద్దరూ వాకిలి దాటుతున్నారు. మునెమ్మ వెనక్కి నడుస్తోంది.

"మెట్టుండాది అత్తా."

"కనపడతా ఉండాది. నీ పక్క ఎత్తు. ఇంగొంచెం. ఆఁ, అట్ట."

నేను గోడ పక్కన చోటు చదును చేసి, గోనెసంచి మడిచి పరిచాను. వాళ్ళు దాని మీద తొట్టి దించారు. గాజు కిర్రుమనలేదు.